పోడు కొండ మీద కాఫీ

ఇలా పొయ్యి దగ్గరకి జరగండర్రా. తోట ఎప్పటిదని అడిగారు కదా, చెబుతాను.

కాఫీ మన కొండది కాదు. దాని పుట్టిల్లు ఆఫ్రికాలో ఇథియోపియా. అక్కడి అడవిలో పెద్ద చెట్ల నీడన దానంతటదే మొలిచేది. అక్కణ్ణుంచి ఎర్రసముద్రం దాటి యెమెన్ చేరింది. మొలకెత్తే గింజని అరబ్బులు బయటికి పోనిచ్చేవారు కాదట. మక్కా వెళ్లిన బాబా బుడాన్ అనే ఫకీరు ఏడు గింజలు దాచి తెచ్చి, చిక్కమగళూరు వైపు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. ఆ కొండలకి ఇప్పటికీ ఆయన పేరే.

మనవైపు 1898లో వచ్చింది. బ్రాడీ అనే దొర గోదావరి ఏజెన్సీలో, పాములేరు లోయలో వేయించాడు. తరవాత పుల్లంగి, గూడెం వైపు పాకింది. దొర తోటతో మనకేటి పని? మనది పోడు. ఎండాకాలం చెట్టు కొట్టి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో తొలకరికి చోళ్లు, సామలు, కందులు జల్లేవాళ్లం. రెండు మూడేళ్లకి కొండ అలిసిపోయేది. ఇంకో కొండకి పోయేవాళ్లం. మా తాతల నాడు జనం తక్కువ, కొండలు ఎక్కువ. వదిలేసినచోట మళ్లీ అడవి లేచేదాకా ఆగేవారు. జనం పెరిగాక ఆ తీరిక లేకపోయింది. వానొస్తే మట్టంతా గెడ్డలోకే.

1960 దాటాక అటవీశాఖ రిజర్వు అడవిలో కాఫీ వేసింది. మేం కూలికెళ్లి గోతులు తవ్వాం, కొమ్మలు కత్తిరించాం. పని మాకొచ్చింది, తోట మాత్రం సర్కారుది. తరవాత గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ వాళ్లు మొక్కలిచ్చి, మీ పోడు భూమిలోనే వేసుకోండన్నారు. ‘మూడు నాలుగేళ్లకి గాని కాపు రాదంట, అందాకా అంబలి ఎవడు పోస్తాడు?’ అన్నారు పెద్దలు. న్యాయమైన మాటే. అందుకే ఓ పక్క చోళ్లు ఉంచుకుని ఓ పక్క కాఫీ పెట్టాం.

ముందు నీడ కావాలి. సిల్వర్ ఓక్ నాటాం. అదీ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మానే. దాని కింద అరబికా కాఫీ, ఓక్ మాను మీదికి మిరియం పాదు. మిరియం మాత్రం మన దేశం తీగే, పడమటి కనుమల్లో పుట్టింది. వేసవిలో ఓ మంచి వాన పడితే చాలు, పది రోజుల్లో తోటంతా తెల్లగా పూసి మల్లెవాసన కొడుతుంది. ఆ పిందె నవంబరు నాటికి ఎరుపు తిరుగుతుంది.

పళ్లన్నీ ఒక్కసారి పండవు. పండినవే ఏరుతూ మళ్లీ మళ్లీ తోటకెళ్లాలి. పచ్చికాయ కలిస్తే కాఫీ వగరెక్కుతుంది. ఏరిన పండుని ఆరోజే తొక్క ఒలిచి, జిగురు వదిలేదాకా ఊరబెట్టి, కడిగి ఆరబెట్టాలి. ఆరోజుల్లో ఇదంతా ఎవరు చేశారు? పచ్చీ పండూ కలిపి దూసి, నేల మీద ఎండేసి, సంతలో షావుకారుకి పోసేవారు. ముందే అప్పు తీసుకున్నవాడికి ధర అడిగే నోరెక్కడిది? ఎర్రపండుకి వేరే ధర కట్టేవాళ్లు వచ్చాకే ఏరడం మీద శ్రద్ధ కుదిరింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణమే తెరిచారు. 2019లో మన అరబికాకి, పండే చోటు పేరు మీద ఇచ్చే జీఐ గుర్తింపొచ్చింది. మనింట్లో మాత్రం ఇంకా టీయే మరుగుతోంది!

కలప బేరగాళ్లు ఓక్ మాను కోసం తిరుగుతున్నారని విన్నాను. నీడ పోతే ఆకు మాడుతుంది, కాండం తొలిచే పురుగు చేరుతుంది, మిరియానికి ఊతం పోతుంది. మాను అమ్మిన డబ్బు ఒక్క పండక్కి సరి. కాఫీ, మిరియం ఏటేటా వస్తాయి. చెట్టు కొట్టి బతికినవాళ్లం మేం. దాన్ని నిలబెట్టి బతకడం నేర్చుకోడానికి ఓ తరం పట్టింది. మీకు అడ్డు చెప్పడం మొహమాటమైతే ఆ బేరగాణ్ణి నా దగ్గరికి పంపండి. ఓ గ్లాసుడు టీ పోసి సాగనంపుతాను.