ఆస్కార్బిక్ ఆమ్లము: పుట్టుపూర్వోత్తరములు

పండ్లరసపు సీసాలపైనను, మాంసపు డబ్బాలపైనను సన్నని అక్షరములలో, ఆహారసంకలితముల అంతర్జాతీయ సంఖ్యాక్రమము ననుసరించి, ఐ.ఎన్.ఎస్. 300 అని అచ్చొత్తియుండు ద్రవ్యము ఆస్కార్బిక్ ఆమ్లము; దీనినే లోకము సి విటమినుగా నెఱుగును. దేహపోషణకై పేరుగాంచిన విటమినును కర్మాగారములవారు పిమ్మట సరకు చెడకుండ కాచు పనికి వాడుకొనిరని పలువురి తలంపు. చరిత్ర మాత్రము ఇందుకు విపర్యయముగా నడచినది.

1920 తరువాతి దశకమున హంగేరీ దేశీయుడగు ఆల్బర్ట్ సెంట్ జ్యార్జి, నెదర్లాండ్సులోని గ్రోనింగన్ నగరమున వృక్షముల శ్వాసక్రియను పరిశోధించుచు, కోసిన ఆపిలు గాలి సోకి నల్లబడుచుండగా నిమ్మకు, నారింజకు ఆ వికారమేల కలుగదను విచారణలో పడి, వాని రసమున ఆక్సీకరణమును కొంతతడవు నిలువరించు పదార్థమేదియో కలదని గ్రహించెను. పిమ్మట కేంబ్రిడ్జి చేరి, పశువుల అడ్రినల్ గ్రంథులనుండియు, నారింజ, క్యాబేజీలనుండియు దానిని స్ఫటికరూపమున వేఱుచేసి, 1928లో హెక్స్యూరోనిక్ ఆమ్లమను పేర ప్రకటించెను. నావికుల చిగుళ్లనుండి నెత్తురు గార్చిన స్కర్వీ వ్యాధిని హరించు విటమిను అదియే యని 1932లో గినీపందులపై జరిపిన ప్రయోగములవలన గాని తేలలేదు. విటమినను బిరుదు తరువాత వచ్చినది. ఆక్సీకరణ నిరోధము దాని తొలి వృత్తి.

ఐనను పరిశోధనకు చాలినంత ఆమ్లమెచ్చట? గ్రంథులు దుర్లభములు, నారింజరసములోని చక్కెరలు శుద్ధికి అడ్డు. ఈ చిక్కును విప్పినది, సెంట్ జ్యార్జి అప్పటికి ఆచార్యుడైయుండిన సెగెడ్ నగర ప్రాంతమున విస్తారముగా పండు పాప్రికా మిరప. మిరపను కారమునకే గాని మఱియొకందులకు తలపని మనకు ఇది వింతయే! కొలది వారములలోనే కిలోగ్రాముకు మించిన స్ఫటికములు చేకూరగా, బర్మింగ్‌హామ్‌లో రసాయనశాస్త్రజ్ఞుడగు హావర్త్ యొక్క బృందము 1933లో ఆ ఆమ్లపు నిర్మాణమును నిర్ణయించెను. 1937లో సెంట్ జ్యార్జికి వైద్యమునను, హావర్త్‌కు కారర్‌తో పాటు రసాయనశాస్త్రమునను నోబెల్ బహుమానములు లభించెను.

దీనిని అంగడి సరకు గావించిన ఘనత మాత్రము రసాయనశాస్త్రజ్ఞుడగు రైక్‌స్టైన్‌ది. గ్లూకోజును సార్బిటాలుగా మార్చి, బాక్టీరియాచే సార్బోజుగా పులియించి, తుదకు ఆస్కార్బిక్ ఆమ్లము చేయు మార్గమును ఆయన జ్యూరిక్‌లో కనుగొనగా, హాఫ్‌మన్ లారోష్ సంస్థ దానిని చేపట్టి భారీయెత్తున తయారుచేయసాగెను. వెల తగ్గినకొలది ఆహారపరిశ్రమ దానిని ఆదరించెను.

తాను ముందుగా ఆక్సీకరణము చెంది తక్కినవానిని కాచుట దీని స్వభావము. నైట్రైటుతో నిలువచేసిన మాంసమున హానికరములగు నైట్రోసమీనులు ఏర్పడుటనుగూడ ఇది అరికట్టును. నూనెలలో కరుగదు గావున అచ్చట దీని రూపాంతరమగు ఆస్కార్బిల్ పాల్మిటేటు, అనగా 304, పనిచేయును. రొట్టెపిండిని బలపఱచుటకు కలుపు ఆమ్లము మాత్రము కాల్చునపుడు పొయ్యి వేడికి నశించును. కాన పొట్లముపై 300 ఉన్నదని చూచి ఆ రొట్టెలో విటమిను దొరకునని ఆశింప పనిలేదు.