ఖజానా నిండింది, ఇల్లు దొర్కలే: ఐర్లాండ్ ఓటరుకు ఎందుకు ఇసుగొచ్చింది?

పార్లమెంటు ఆవరణల సైకిళ్లు పెట్టుకునే షెడ్డు. అది కట్టనీకి ఐర్లాండ్ సర్కారు పెట్టిన ఖర్చు 3 లక్షల 36 వేల యూరోలు. మన పైసలల్ల మూడు కోట్ల పైమాటే. 2024ల ఈ లెక్క బయటపడంగనే ఆ దేశమంత భగ్గుమన్నది. ఎందుకు కాదు మరి? డబ్లిన్‌ల ముప్ఫై ఏండ్లు దాటి, మంచి కొలువు చేసేటోళ్లు గూడ ఇంకా అమ్మానాయినల ఇంట్లనే, చిన్నప్పటి అర్రలనే పండుకుంటున్నరు. కిరాయికి ఇల్లు దొర్కుడే కష్టం. దొర్కితే జీతమంత దాని పాలే అన్నట్టుంటది.

నాయకుల మీద నమ్మకం పోవుడు ఏ దేశంలనైనా ఉన్నదే. కానీ ఐర్లాండ్ ముచ్చట కొంచెం వేరు. అక్కడ సర్కారు కాడ పైసల్లేక కాదు. యాపిల్ కంపెనీ పన్ను కేసుల 2024 సెప్టెంబర్‌ల యూరప్ కోర్టు తీర్పిస్తే 1,300 కోట్ల యూరోలు, మీదికెల్లి వడ్డీ, సర్కారుకు వచ్చినయ్. ఆ పన్ను మాకు రావాల్సింది కాదని కంపెనీతోని కలిసి ఏండ్లకొద్ది కోర్టుల కొట్లాడింది గూడ ఐర్లాండ్ సర్కారే! గిసొంటి దేశంల 2025 ఆఖరుకు సొంత ఇల్లు, కిరాయి ఇల్లు ఏదీ లేక సర్కారు షెల్టర్లల్ల తలదాచుకునేటోళ్లు 16 వేలు దాటిన్రు. అండ్ల 5 వేలకు పైన పిల్లలే. దేశం జనాభా మొత్తం 54 లక్షల కాడ ఉంటది.

అసలు కథ తెల్వాలంటే రెండు పార్టీల గురించి చెప్పుకోవాలె. ఫియనా ఫాయిల్, ఫైన్ గేల్. 1916 తిరుగుబాటు తర్వాత (అప్పుడు డబ్లిన్‌ల లా చదువుకుంటున్న మన వి.వి.గిరి గూడ దేశం ఇడిసి రావాల్సొచ్చింది) బ్రిటన్‌తోని కుదిరిన ఒప్పందం ఒప్పుకుందామా, వద్దా అని 1922ల ఐరిష్ జనం రెండుగ చీలి తన్నుకున్నరు. ఈ రెండు పార్టీలు ఆ తన్నులాట వారసులు. అప్పటిసంది ప్రధాని కుర్సీ ఈ ఇద్దరి నడుమనే తిరుగుతున్నది. ప్రధానిని వాళ్లు 'టీషక్' అంటరు, మన లోక్‌సభసొంటి సభను 'డాల్' అంటరు. సిద్ధాంతం సూస్తే ఇద్దరికీ పెద్ద ఫరక్ లేదు. తాత ఏ దిక్కు నిలబడ్డడో మనుమడు అదే పార్టీ, అంతే.

2008ల బ్యాంకులు కూలినయ్. బిల్డర్లకు ఇష్టమొచ్చినట్టు అప్పులిచ్చిన బ్యాంకులను బతికియ్యనీకి సర్కారు జనం సొమ్ము 6,400 కోట్ల యూరోలు పోసింది. అది చాలక 2010ల ఐఎంఎఫ్, యూరప్ కాడ చెయ్యి చాపింది. జీతాలు కోసిన్రు, పన్నులు పెంచిన్రు, లక్షల మంది పోరగాళ్లు ఆస్ట్రేలియా, కెనడా, ఇంగ్లండ్ బాట పట్టిన్రు. 2011 ఎన్నికలల్ల అధికారంల ఉన్న ఫియనా ఫాయిల్‌ను జనం ఉతికి ఆరేసిన్రు. 70కి పైన ఉన్న సీట్లు 20కి పడ్డయ్. ఇగ ఈ పార్టీ పని అయిపోయిందనే అందరన్నరు. కాలే. ఈడ ఇంకో సంగతి పట్టుకోండ్రి. ఇండ్ల కరువు పుట్టింది గూడ అప్పుడే. 2006 కాలంల ఏడాదికి 80 వేలకు పైన ఇండ్లు కట్టిన దేశం, 2013ల 5 వేలు గూడ కట్టలే. మేస్త్రీలు వలసపోయిన్రు, బిల్డర్లు దివాళా తీసిన్రు. జనాభా మాత్రం పెరుక్కుంటనే పోయింది.

ఇగ వాళ్ల ఓటింగ్. మన దిక్కు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్ల ఓటేసినోళ్లకు ఇది అల్కగ సమజైతది. క్యాండిడేట్ల పేర్ల ముంగట 1, 2, 3 అని నంబర్లు ఏసుడే. కాకుంటే అక్కడ ఒక్కో నియోజకవర్గంల 3 నుంచి 5 సీట్లుంటయ్. మొదటి నంబర్ పడ్డోడు ఓడిపోతే ఆ ఓటు రెండో నంబరోనికి పోతది. ఓటు మురిగిపోదు, చిన్న పార్టీలు బతుకుతయ్. అంతా కాయితమే. 2002ల మూడు నియోజకవర్గాలల్ల మిషన్లు పెట్టి సూసిన్రు, జనం నమ్మలే. 5 కోట్ల యూరోలకు పైన ఖర్చు పెట్టిన మిషన్లను ఆఖరుకు తుక్కు కింద అమ్ముకున్నరు.

ఇంత మంచి పద్ధతి ఉండంగ మార్పు ఎందుకు రాదు? నాకు కనిపించిన జవాబు ఇది. అక్కడ జనం కోపం పెద్దోళ్ల మీద మొదలై చిన్నోళ్ల మీద దిగుతది. 2011ల 37 సీట్లు గెల్చిన లేబర్ పార్టీ, ఫైన్ గేల్‌తోని సర్కారుల చేరింది. కోతల పాపమంత అది మోసింది. 2016ల 7 సీట్లే మిగిలినయ్. 2020ల పాత పగోళ్లు ఇద్దరూ మొదటిసారి పొత్తు పెట్టుకున్నరు, గ్రీన్ పార్టీని కలుపుకున్నరు. బీఆర్ఎస్, కాంగ్రెస్ కలిసి సర్కారు నడిపినట్టు అనుకోండ్రి. 2024ల గ్రీన్ పార్టీ 12 సీట్ల నుంచి ఒక్కటికి వచ్చింది. పెద్దోళ్లిద్దరు సల్లగున్నరు.

ఆ 2024 నవంబర్ ఎన్నికలప్పుడు ప్రధాని సైమన్ హారిస్, వయసు 38. ప్రచారం మొదట్ల ఆయన ఫైన్ గేల్ పార్టీయే సర్వేలల్ల ముందున్నది. ఓరోజు కాన్‌టర్క్ అనే చిన్న టౌన్‌ల సూపర్ మార్కెట్‌కు పోయిండు. వికలాంగులకు సేవ చేసే ఒకామె మా బతుకులను మీరు పట్టించుకోలేదని నిలదీసింది. ఆయన అట్లేం లేదని కొట్టిపారేసి, చెయ్యి కలిపి ముంగటికి పోయిండు. వీడియో దేశమంత తిరిగింది. తెల్లారి క్షమాపణ చెప్పిండు గని అప్పటికే చేతులు కాలినయ్, పార్టీ సీట్లల్ల మూడో జాగకు జారింది.

అదే ప్రచారంల సర్కారు పెద్దలు ఈ ఏడాది 40 వేల దాక ఇండ్లు పూర్తయితయని చెప్పుకుంట తిరిగిన్రు. ఓట్లు పడ్డంక లెక్క తేలింది: 30,330. పది వేల ఇండ్లు గాల్లనే కట్టిన్రన్నట్టు.

ఫలితం జూడుండ్రి. 174 సీట్లల్ల ఫియనా ఫాయిల్‌కు 48, షిన్ ఫేన్‌కు 39, ఫైన్ గేల్‌కు 38. మెజార్టీకి 88 కావాలె. పాత పగోళ్లకు కలిపి 86. ఇండిపెండెంట్లను పట్టుకొని మళ్ల వాళ్లే ఎక్కిన్రు. మైకేల్ మార్టిన్ టీషక్ అయిండు, 2027 నవంబర్‌ల హారిస్‌కు కుర్సీ ఇడవాలని ఒప్పందం. పోలింగ్ 59.7 శాతం, వందేండ్లల్ల ఇంత తక్కువ లేదు. ఓట్లల్ల ఆ రెండు పార్టీల వాటా 43 శాతం లోపే. అంటే ఓటరు లిస్టుల ఉన్నోళ్లల్ల నలుగుట్ల ఒక్కరే వాళ్లకు ఓటేసిన్రు. ఇంట్ల కూసున్న నలభై మంది ఎవలికి సాయం చేసినట్టు?

ఏడాది తిరగకముందే ఆ కోపం ఇంకో రూపంల వచ్చింది. 2025 అక్టోబర్ 24న ప్రెసిడెంట్ ఎన్నిక. ఫియనా ఫాయిల్ నిలబెట్టిన జిమ్ గావిన్, ఎన్కట తన ఇంట్ల కిరాయికి ఉన్నాయనకు 3,300 యూరోలు వాపస్ ఇయ్యలేదన్న ముచ్చట బయటపడి నడుమల్నే తప్పుకున్నడు. ఇండ్ల కరువు దేశంల కిరాయి పైసల కాడనే దొర్కిండు! మరియా స్టీన్ అనే సంప్రదాయవాది నిలబడాలనుకున్నది గని 20 మంది పార్లమెంటు సభ్యుల సంతకాలు కావాలె, 18 కాడ ఆగింది. దాంతోని బ్యాలెట్ ఖరాబ్ చేయుండ్రని ప్రచారం నడిచింది. అక్కడ మన లెక్క నోటా లేదు. 2,13,738 ఓట్లు చెల్లకుండ పోయినయ్, వందల 13 అన్నట్టు. 2018ల అసొంటివి 18 వేల చిల్లరే.

గెల్చింది మాత్రం క్యాథరిన్ కనోలీ, గాల్వే నుంచి ఇండిపెండెంట్. 63 శాతం. షిన్ ఫేన్, లేబర్, సోషల్ డెమోక్రాట్స్, గ్రీన్స్, కమ్యూనిస్టు ఆలోచనలోళ్లు అందరు ఒక్క మనిషి ఎన్క నిలబడ్డరు. అది ఉత్సవ పదవి, చట్టాలు చేసే పవర్ లేదు. అయినా ప్రతిపక్షం ఒక్కటైతే ఏమైతదో లెక్క తెలిసింది. వచ్చే డాల్ ఎన్నిక 2030 మొదట్ల లోపట జరగాలె. అప్పటిదాక వీళ్లు కలిసి ఉంటరా అన్నదే ప్రశ్న. షిన్ ఫేన్ మీద నాకు పూర్తి భరోసా లేదు. 2020ల 24.5 శాతంతోని ఓట్లల్ల ఫస్ట్ వచ్చింది గని 42 మందినే నిలబెట్టి ఛాన్స్ పోగొట్టుకున్నది. 2024ల 19 శాతానికి దిగింది.

ఈ కోపానికి ఇంకో దారి గూడ దొర్కింది, అది మనోళ్లకు తగుల్తున్నది. ఇండ్లు లేకపోవుడు వలసొచ్చినోళ్ల తప్పని ఎగేసేటోళ్లు తయారైన్రు. 2025 ఎండకాలంల డబ్లిన్ దిక్కు భారతీయుల మీద దాడులైనయ్, ఆగస్టు 1న మన ఎంబసీ జాగ్రత్తలు చెప్పాల్సొచ్చింది. 2013ల ఇండ్లు కట్టనిది సర్కారు, తన్నులు తినేది నిన్న మొన్న దిగిన పోరగాళ్లు.

డబ్లిన్, కార్క్, గాల్వేల చదువుకుంటున్న, కొలువు చేస్తున్న మన తమ్ముండ్లు, చెల్లెండ్లల్ల చాలామందికి తెల్వని ముచ్చట ఒకటున్నది. డాల్ ఎన్నికల్ల విదేశస్తులల్ల బ్రిటన్ పౌరులకు తప్ప ఎవలకూ ఓటు లేదు. కౌన్సిల్ ఎన్నికలకు మాత్రం ఆ షరతు లేదు. 18 ఏండ్లు నిండి, ఆడ నివాసం ఉంటున్నోళ్లు ఏ దేశపోళ్లైనా ఓటరు లిస్టుల పేరు రాయించుకోవచ్చు. కౌన్సిల్ ఎన్నికలు మళ్ల 2029ల ఉన్నయ్.