గుంతల లెక్క, నీడ లెక్క

బుగ్గారం పట్టణం కాదు, తెలంగాణలోని జగిత్యాల జిల్లాలో 2016లో ఏర్పడిన మండల కేంద్రం. అయినా పట్టణ పచ్చదనం మీద పెట్టే ఖర్చు గిట్టుబాటవుతుందా అనేది ఇక్కడి నుంచి అడగొచ్చు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మున్సిపాలిటీలకూ ఈ పంచాయతీకీ షరతు ఒక్కటే: 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం రెండూ నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నాయి. మున్సిపాలిటీలైతే బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలి.

గుంత తీయడం చవక. అసలు ఖర్చు మార్చి దాటాక మొదలవుతుంది. ట్రాక్టరు వెనక ట్యాంకరు, పైపు పట్టుకున్న మనిషి, మొక్క మొక్కకూ ఆగుతూ కదిలే బండి. పొద్దున చెత్త మోసిన ట్రాక్టరే మధ్యాహ్నం నీళ్లు లాగితే, దాని కిస్తీలో ఎంత చెట్ల పద్దులో రాయాలి?

లాభం లెక్క ఇంకా జారుడు. 2005లో పరిశోధకుడు మెక్‌ఫెర్సన్ బృందం అయిదు అమెరికా నగరాలను చూసి, చెట్ల మీద పెట్టిన ప్రతి డాలరుకూ 1.37 నుంచి 3.09 డాలర్లు తిరిగొస్తున్నాయని తేల్చింది. అందులో ఇళ్ల ధరల పెరుగుదలకు పెద్ద వాటా ఉంది. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో చెమటోడ్చే మనిషికి చెట్టు ఇచ్చే ఉపశమనం ఏ ఇంటి ధరలోనూ కనబడదు. ఆ అంకెను ఇక్కడికి దించుకోవడం నాకు సమ్మతం కాదు.

ఉపగ్రహ లెక్కలనూ ఆచితూచి చదవాలి. తెలంగాణలో 2019–2021 మధ్య అటవీ విస్తీర్ణం 632 చదరపు కిలోమీటర్లు పెరిగిందని జాతీయ అటవీ నివేదిక చెప్పింది. ఆ నివేదిక అడవికి ఇచ్చే నిర్వచనంలో హెక్టారు దాటి, పదో వంతు నేలకు కొమ్మలు కమ్మిన తోటలూ అడవే. అంటే చల్‌గల్ మార్కెట్‌కు కాయలు పంపే మామిడి తోటలూ అందులో చేరొచ్చు. బస్టాండు ముందరి నాలుగు వేపచెట్లు మాత్రం చేరవు.

85 శాతం షరతుకు ఇంకో పర్యవసానం ఉందని నా అనుమానం: నీడనిచ్చేదాని కంటే చావనిదాన్ని నాటాలనిపిస్తుంది. కోనోకార్పస్ మొక్క అంతగా పాకడానికి అదీ ఒక కారణం కావచ్చు. మేక ముట్టని కానుగ మనకు ఉండనే ఉంది, కాకపోతే ఎదగడానికి కొన్నేళ్లు ఆగాలి.

అలా ఆగి పెంచిన కానుగ కరెంటు తీగల కింద ఉంటే, వానాకాలం ముందు లైన్‌మన్ వచ్చి తల నరికిపోతాడు. మొండెం బతికే ఉంటుంది కనుక అది 85 శాతంలోనే లెక్క.