కాలదోషం పట్టిన దయ్యం

దయ్యాలున్నాయా లేవా అని నన్నడిగితే చెప్పలేను. బాకీలు మాత్రం ఉన్నాయి. దయ్యాల కథలు విన్నకొద్దీ, చదివినకొద్దీ ఆ రెంటికీ ఏదో దగ్గరి చుట్టరికం ఉన్నట్టే తోస్తుంది నాకు.

మా అమ్మమ్మగారిది గోదావరి పక్కన ఓ చిన్న టౌను. బజారు మధ్యలో, రావిచెట్టుకి ఎదురుగా, ఓ పచారీ కొట్టు ఉండేది. మూడు మెట్లు, అరుగు, పలకల తలుపులు, లోపలికి తొంగిచూస్తే చింతపండూ బెల్లమూ కిరసనాయిలూ కలిసిన వాసన. గల్లాపెట్టె వెనక శెట్టిగారు, ఆయన తలమీద గోడకి "అప్పు రేపు" అన్న బోర్డు. ఆ బోర్డు కిందే కూర్చుని ఆయన ఊరందరికీ అప్పిచ్చేవారు. బోర్డు చదవడం వచ్చినవాళ్ళకీ, రానివాళ్ళకీ కూడా!

1988 ఎండాకాలంలో ఆయన ఉన్నట్టుండి గుండె ఆగి పోయారు. నాకప్పుడు పదకొండేళ్ళు. దసరా సెలవులకి వెళ్ళేసరికి కొట్టు మూసి ఉంది. శెట్టిగారు దయ్యమై అందులోనే ఉన్నారని ఊరంతా చెప్పుకుంటోంది. అర్ధరాత్రి గల్లాపెట్టె మూత పడుతుందిట. తూకపు రాళ్ళు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతాయిట. పలకల సందుల్లోంచి వెలుతురు అటూ ఇటూ కదులుతుందిట.

"లెక్క తేలకుండా పోయాడు మహానుభావుడు. అందుకే ప్రాణం ఇంకా అక్కడే తిరుగుతోంది. మీరెవరూ చీకటిపడ్డాక అటు పోకండే!" అనేది అమ్మమ్మ.

ఓ రాత్రి హరికథ విని వస్తుంటే ఆ వెలుతురు నేనూ చూశాను. పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకుని, వచ్చిన నాలుగు ముక్కల ఆంజనేయ దండకం వల్లిస్తూ ఇంటిదాకా పరిగెత్తాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు నా దృష్టిలో అది శెట్టిగారి దయ్యమే.

పెద్దయ్యాక, పాత పుస్తకాల పిచ్చి పట్టాక, ఇలాంటి కథలు ఇతర దేశాల్లోనూ ఉన్నాయా అని వెతికాను. ఎందుకు లేవూ! అసలు పాత యజమాని పేరు చెప్పి ఇంటికి దయ్యాన్ని అంటగట్టడం రెండువేల ఏళ్ళు దాటిన విద్య. క్రీస్తు పూర్వం 184లో చనిపోయిన ప్లాటస్ అనే రోమన్ నాటకకర్త దీనిమీదే ఓ హాస్యనాటకం రాశాడు. దాని పేరు మోస్టెల్లారియా, అంటే దయ్యాల కొంప. తండ్రి వ్యాపారం మీద దేశాంతరం వెళ్ళి మూడేళ్ళు రాడు. ఈలోగా కొడుకు వడ్డీకి అప్పు తెచ్చి మనసుపడిన పిల్లని విడిపించుకుంటాడు, ఇంట్లో విందులు చేస్తాడు. అంతలో తండ్రి దిగిపోతాడు! ఇంటి నౌకరు ట్రేనియో వీధిలోనే ఆయన్ని ఆపేసి, "లోపలికెళ్ళకండి బాబూ, ఇంట్లో దయ్యం ఉంది. ఈ ఇల్లు మనకమ్మినవాడు పూర్వం బంగారం కోసం ఓ అతిథిని చంపాడుట" అని కథ అల్లేస్తాడు. సరిగ్గా ఆ సమయానికే వడ్డీవ్యాపారి వచ్చి, నా వడ్డీ ఏదీ అని వీధిలో గోల పెడతాడు. దయ్యం ఎందుకు పుట్టిందో చూసేవాళ్ళకి ఇట్టే అర్థమైపోతుంది.

అది నాటకం కనక నవ్వుకోవచ్చు. లండన్‌లో నిజంగా జరిగిన దానికి నవ్వు రాదు. అక్కడ కాక్ లేన్ అనే సందులో రిచర్డ్ పార్సన్స్ అనే ఆయన ఇంట్లో విలియం కెంట్, ఫానీ అనే జంట 1759లో అద్దెకి దిగారు. ఫానీ, కెంట్ చనిపోయిన భార్యకి చెల్లెలు. ఆనాటి ఇంగ్లండులో అలాంటి పెళ్ళి చెల్లదు కనక, పెళ్ళి కాకుండానే కలిసి ఉండేవారు. అద్దెకున్న కెంట్ దగ్గరే ఇంటాయన పార్సన్స్ 12 గినీలు అప్పు తీసుకున్నాడు. తీర్చలేదు. కెంట్ కోర్టుకెక్కాడు. 1760 ఫిబ్రవరిలో ఫానీ మశూచితో పోయింది. 1762 జనవరి వచ్చేసరికి పార్సన్స్ ఇంట్లో గోడలు గీకుతున్న చప్పుళ్ళూ, టకటకలూ! అది ఫానీ ఆత్మేననీ, కెంట్ తనకి విషం పెట్టాడని చెబుతోందనీ పార్సన్స్ ప్రచారం చేశాడు. జనం బళ్ళు కట్టుకుని వచ్చారు. రాజుగారి తమ్ముడు కూడా వచ్చాడు.

ఆ చప్పుళ్ళు ఎక్కడినుంచో తెలుసా? పార్సన్స్ కూతురు, పన్నెండేళ్ళ పసిపిల్ల ఎలిజబెత్ మంచం దగ్గర్నుంచి. ఇంగ్లీషు నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్ ఉన్న బృందం ఫిబ్రవరి 1న వచ్చి పరీక్షించి, ఇందులో ఆత్మా లేదు, గీత్మా లేదు అని తేల్చింది. ఆఖరికి ఆ పిల్ల బట్టల్లో దాచుకున్న చిన్న చెక్కముక్క దొరికింది. పార్సన్స్‌కి రెండేళ్ళ జైలు, మూడుసార్లు బొండకొయ్యలో నిలబెట్టే శిక్ష పడ్డాయి. విచిత్రమేమిటంటే, నడివీధిలో నిలబడ్డ పార్సన్స్ మీద జనం రాళ్ళు వేయలేదు, జాలిపడి చందాలు వేశారు!

ఇది చదివాకనే నాకు మా ఊరి కొట్టు మళ్ళీ జ్ఞాపకం వచ్చింది. అమ్మనడిగాను, "శెట్టిగారి దయ్యం సంగతేమిటే?" అని.

అమ్మ చాలాసేపు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. "ఆ వెలుతురు ఎవరనుకున్నావు? ఆయన భార్యే" అంది చివరికి.

కొట్టు వెనకే వాళ్ళిల్లు. భర్త పోయిన ఆడది ఏడాదిపాటు పగలు నలుగురి కంటా పడకూడదన్న ఆచారం వాళ్ళింట్లో. అందుకని రాత్రిపూట పెరటి తలుపులోంచి లాంతరు పట్టుకుని కొట్లోకి వచ్చేదిట. మిగిలిన సరుకు తూచుకునేది. చిట్టా, ఆవర్జా ముందేసుకుని ఎవరెవరు ఎంతివ్వాలో చీటీలు రాసుకునేది. తెల్లారాక ఆ చీటీలు పట్టుకుని ఆవిడ కొడుకు ఇల్లిల్లూ తిరిగేవాడు. అందరిదీ ఒకటే జవాబు. "రేపు రా నాయనా."

"ఆవిడేనని ఊళ్ళో తెలీదా?" అన్నాను.

"తెలీకేం!"

చట్టం ఆవిడ పక్కనే ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన భర్త ఆస్తిలో భార్యకీ పిల్లలతో సమానంగా వాటా ఉంది. రావలసిన బాకీలూ ఆస్తే. కానీ ఆ బాకీకి కోర్టులో డిక్రీ కావాలంటే ముందు వారసత్వ సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. అదీ తెచ్చుకుందనుకోండి. ఆనాడు అమల్లో ఉన్న 1872 సాక్ష్య చట్టం, పద్దు పుస్తకంలో రాత ఒక్కటే చాలదు, వేరే సాక్ష్యం కూడా కావాలి అంటుంది. ఊరంతా బాకీదార్లయితే సాక్షి ఎక్కణ్ణించి వస్తాడు? వీటన్నిటికీ మించింది 1963 నాటి కాలపరిమితి చట్టం. అరువిచ్చిన సరుకుల సొమ్ముకి గడువు మూడేళ్ళు. మధ్యలో ఎంతోకొంత కట్టి చెల్లు రాయించకపోతే, మూడేళ్ళు దాటాక దావా చెల్లదు. దానికి మనవాళ్ళు ఎంత చక్కని పేరు పెట్టారో చూడండి, "కాలదోషం పట్టింది" అంటారు.

దయ్యం ఉన్న కొట్టుని అద్దెకెవరు తీసుకుంటారు? 1991లో ఆవిడ దాన్ని వచ్చినకాడికి అమ్ముకుని, పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. కొన్నాయన, రాత్రిపూట గల్లాపెట్టె చప్పుడు విన్నానని ఊళ్ళో మొట్టమొదట చెప్పిన పెద్దమనిషేనట! ఆ మర్నాటినుంచి కొట్లో ఏ చప్పుడూ లేదు. 1988 నుంచి 1991, లెక్కపెట్టుకోండి. బాకీలతోపాటు దయ్యానికీ కాలదోషం పట్టింది.

మన పల్లెల్లో 1990ల్లో తలుపులమీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు, గుర్తుందా? రాత్రిళ్ళు తలుపు తట్టే ఆడదయ్యం అది చదువుకుని వెనక్కి పోతుందని. అందరూ దాన్ని తల్చుకుని నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. మా ఊళ్ళో ఆ మాట ఏ తలుపుమీదా రాయకముందే, ఓ ఆడమనిషికి ఊరంతా కలిసి మూడేళ్ళపాటు చెప్పింది.

"అమ్మా, మనమూ బాకీయేనా?" అని అడిగాను.

"రెండు వందల చిల్లర. మీ అమ్మమ్మ ఇద్దామనే అనుకుంది పాపం" అంది అమ్మ, తలెత్తకుండానే. "రేపిద్దాం, రేపిద్దాం అనుకుంది."

ఈమధ్య వెళితే అక్కడ సెల్‌ఫోన్ల కొట్టుంది. దయ్యం మాట ఆ కుర్రాళ్ళకెవరికీ తెలీదు. మా పద్దుకి మాత్రం ఇప్పటికీ చెల్లు పడలేదు.