అక్కచెల్లెండ్రగు భాషలు

చదువుకొన్న కుటుంబములలో పిల్లవాడు "కూడు" అన్నచో పెద్దవారు వెంటనే మందలింతురు. "అది మోటుమాట, అన్నమనవలెను" అని దిద్దుదురు. ఆ దిద్దుబాటులో చెడుతలంపేమియు లేదు. బిడ్డకు మర్యాద నేర్పవలెనన్న కోరికయే కలదు. అయినను ఆ మాటను వెంటబెట్టుకొని యొకసారి దక్షిణమునకు పోయి చూతము. తమిళదేశమున ఆడి మాసము వచ్చినప్పుడు మారియమ్మ గుడుల ముందు పెద్ద కుండలతో అంబలి కాచి, అమ్మవారికి నివేదించి, వచ్చినవారికెల్ల పోయుదురు. ఆ అంబలిని వారు "కూఴు" అందురు. మలయాళమునను ఆ మాట కలదు. హళెగన్నడమున "కూఴ్" అనగా వండిన యన్నము. మన కూడును, తమిళుల కూఴును, కన్నడిగుల కూఴును వేఱువేఱు మాటలు కావు; ఒక్కటియే. ఒక యింట దేవతకు నివేదనమైన మాట మఱియొక యింట బిడ్డ నోటికి తగనిదైనది. ఇట్లేల జరిగినదో విచారింపబూనినచో మన భాషయొక్క పుట్టుపూర్వోత్తరములే కొంత తెలియవచ్చును.

ఈ మాటలన్నియు ఒక్కటియే యని దేనినిబట్టి చెప్పగలమని చదువరు లడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ధ్వని కొంచెము కలిసినంతమాత్రమున చుట్టరికము కుదురదు. తమిళులు వాడుకలో "ఒన్ను" అను అంకెను ఆంగ్లేయులు "వన్" అందురు. ఆ రెండింటికిని ఏ సంబంధమును లేదు. కలిసినది కాకతాళీయముగ మాత్రమే. మఱియు "పుస్తకము" అను మాట దక్షిణదేశపు భాషలన్నిటను కలదు. అదియు చుట్టరికమునకు రుజువు కాదు. అది సంస్కృతమునుండి అందఱును తెచ్చుకొన్న యరువు. ఇరుగుపొరుగువారు ఒకే సాహుకారునొద్ద అప్పు తెచ్చుకొన్నంతమాత్రమున తోబుట్టువులగుదురా?

తోబుట్టువులని తేల్చునది పోలిక కాదు, క్రమము. ఒక భాషలో ఒక ధ్వని యున్నచోటనెల్ల రెండవభాషలో దానికి బదులుగ మఱియొక ధ్వని తప్పక కనబడవలెను. తమిళ మలయాళములలో "ఴ" అను అక్షరము కలదు. దానిని నాలుకకొనను వెనుకకు మడచి పలుకుదురు. ఆ యక్షరమున్నచోట తెలుగున సాధారణముగ డకారము కనబడును. వారి ఏఴు మనకు ఏడు. వారి కోఴి మనకు కోడి. వారి పాఴ్ మనకు పాడు. అట్లే కూఴ్ మనకు కూడైనది. కొన్నిచోట్ల డకారమునకు బదులు రేఫము వచ్చును, పుఴు పురుగైనది. తమిళదేశమును ఏలిన చోఴులు, తెలుగుదేశమును ఏలిన చోడులు అను పేళ్లలోని భేద మిట్టిదే. మన పూర్వులకును ఈ యక్షరము తెలియనిది కాదు. తెలుగుదేశపు ప్రాచీన శాసనములలో అది చెక్కబడియున్నది. తరువాతి కాలమున పలుకుబడి మాఱి, అక్షరమును లోపించినది.

కన్నడముతో మనకుగల వరుస మఱియొక రీతిది. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి, పల్లు హల్లు, పండు హణ్ణు. మనకు పకారమున్నచోట వారికి హకారము. అయినను హళెగన్నడమున ఈ మాటలన్నియు పకారముతోనే యుండెను. కావున ఇచట మాఱినవారు కన్నడిగులు, నిలుపుకొన్నవారు మనము. ఇంకొకచోట ఇందుకు విపర్యయముగ జరిగినది. మన చెవి తమిళులకును చెవియే. కన్నడిగులకు మాత్రము కివి. మన చెఱువును తమిళులు చిఱై అందురు. కన్నడిగులు కెఱె అందురు. ఇచట మొదటి కకారమును కాపాడుకొన్నవారు కన్నడిగులు. చకారముగ మార్చుకొన్నవారు తమిళులును మనమును. తమిళమున చిఱై యనగా చెఱసాల యనియు, నీటి కడ్డుకట్ట యనియు అర్థము. మన "చెఱ" అను మాటయు దీని తోడిదే. నీటిని చెఱపట్టిన చోటు చెఱువైనది. వానకాలపు నీటిని ఎండకాలమునకు దాచుకొనుట యెఱిగిన రైతులు ఈ మాటను కూర్చుకొన్నారు. ఏ కవియు దీనిని కల్పింపలేదు.

ఇక వంటయింటిలోనికి పోవుదము. మన యాడువారు తరతరములుగా దంచిన రోలును తమిళులు ఉరల్ అందురు, కన్నడిగులు ఒరళు అందురు. రోకలిని తమిళులు ఉలక్కై యనియు, కన్నడిగులు ఒనకె యనియు అందురు. ఈ మాటలు ఒక్కటియే యని పైకి తోపదు. కాని తెలుగున నొక వింత యలవాటు కలదు. మాటకు మొదటనున్న అచ్చు తన తరువాతి హల్లును దాటి వెనుకకు పోవును. హల్లు ముందునకు వచ్చును. అందుచేత తమిళుల ఇరండు మనకు రెండైనది. ఉళ్ళు లో యైనది. అవన్ అను మాట వాడైనది. ఉరల్ రోలగుటయు ఈ క్రమముననే. ఒక్క మాటలో నిట్లు జరిగినచో సందేహింపవచ్చును. అంకెలలోను, సర్వనామములలోను, వంటపాత్రలలోను ఒకే తీరున జరిగినప్పుడు సందేహమునకు తావెక్కడిది?

ఇప్పుడు అరసున్నను గూర్చి రెండు మాటలు. మన చిన్ననాట పండితులు అరసున్న విడిచినచో తప్పుపట్టుచుండిరి. పిల్లలు దానిని తిట్టుకొనుచుండిరి. నేడు అచ్చులో అది దాదాపుగ పోయినది. మేమును ఈ వ్యాసమున ఉదాహరణములందు తప్ప దానిని వాడుటలేదు. పోయినందులకు మాకు దుఃఖమును లేదు. పలుకని యక్షరమును పిల్లలచే వ్రాయించుట వృథాశ్రమయే. కాని అది యేల పుట్టినదో తెలిసికొనుట మేలు. సంవత్సరమను నర్థమున "ఏఁడు" అని అరసున్నతో వ్రాయుచుండిరి. అంకెయగు "ఏడు" అరసున్న లేక వ్రాయుచుండిరి. తమిళమున సంవత్సరము ఆండు, అంకె ఏఴు. మొదటిదానిలో అనునాసికము కలదు, రెండవదానిలో లేదు. అట్లే మనుష్యుని జెప్పు "వాఁడు" అరసున్న గలది. పువ్వు వాడుటలోని "వాడు" లేనిది. తమిళమున ఇవి అవన్, వాడు. దినమను నర్థముగల "నాఁడు" అరసున్న గలది. దేశమను నర్థముగల "నాడు" లేనిది. తమిళులును దేశమును నాడే యందురు. పండితులు పట్టుదలతో నిలిపిన ఆ చిన్న గీత పూర్వమొకప్పుడు పలికిన నకారపు గుర్తు. ఏండ్లు అనునప్పుడు ఆ ధ్వని నేటికిని మన నోట వినబడుచునేయున్నది.

తమిళమే యన్నిటిని కాపాడినదని దీనివలన తలంపరాదు. తమిళమున ఆఱు అనగా అంకెయు అగును, నదియు అగును. తెలుగున అంకె ఆఱు, నది ఏఱు. ప్రాచీన తమిళమున నదిని "యాఱు" అనుచుండిరి. తరువాత యకారము జారిపోయి, రెండు మాటలును ఒక్కటిగ కలిసిపోయినవి. మనకును ఆ యకారము పోయినది. పోవుచు అచ్చును మార్చి పోయినది. అందువలన వారు కోల్పోయిన భేదము మనయొద్ద నిలిచినది. పూర్వపు సొత్తు ఒక్కరియింట లేదు. అక్కచెల్లెండ్రు పంచుకొన్న నగలవలె తలకొకటి దక్కినది. అన్నియు ఒకచోట చేర్చినగాని తల్లి యెట్లుండెనో తెలియదు.

ఈ విచారము ఎట్లు మొదలైనదో చరిత్ర చెప్పుచున్నది. దేశభాషలన్నియు సంస్కృతమునుండి పుట్టినవని ఐరోపా పండితులు పలువురు తలంచుచున్న కాలమున, చెన్నపట్టణమున ఉద్యోగియగు ఎల్లిస్ దొర ఆ మాటను కాదనెను. 1816లో కాంబెల్ దొర ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ వ్రాసిన పీఠికావ్యాసమున తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను ప్రక్కప్రక్కన నుంచి, అవి సంస్కృతధాతువులు కావనియు, తమలోతాము చుట్టములనియు చూపెను. ఈ పనిలో ఆయనకు దారిచూపినవారు మన పండితులే. తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అని మాటలను వేఱుపఱచి, ఏది యరువో ఏది సొంతమో ముందుగనే తేల్చియుంచినది మన వ్యాకర్తలు. పిదప 1856లో కాల్డ్వెల్ దొర ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించెను. 1961లో బరో, ఎమెనో పండితులు ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును వెలువరించిరి. ఆ యేడే మన భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల గ్రంథమును అచ్చయ్యెను.

ఇన్నేండ్ల పరిశ్రమవలన తేలినదేమి? తెలుగు సంస్కృతమునకు కూతురు కాదు. తమిళమునకును కూతురు కాదు. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళములు నాలుగును చుట్టములు. వీనికెల్ల మూలమైన భాష నేడెక్కడను మాటలాడబడుటలేదు. ఇది తెలిసినచో ఎవరి భాష తల్లి, ఎవరి భాష బిడ్డ యని మనము పొరుగువారితో పెట్టుకొను తగవులకు అర్థము లేకపోవును. సంస్కృతమునుండి మనము తెచ్చుకొన్నది అపారము, అందులకు కృతజ్ఞులము. అయినను అరువు తెచ్చుకొన్నవాడు అప్పిచ్చినవానికి బిడ్డ కాడు.

మనకు మిక్కిలి దగ్గఱి తోబుట్టువు లెవరన్న ప్రశ్నకు వచ్చిన సమాధానము మన చదువుకొన్న కుటుంబములు ఎదురుచూచునది కాదు. తమిళము, మలయాళము, కన్నడము ఒక శాఖ. తెలుగు ఆ శాఖలోనిది కాదు. గోండీ, కుయి, కువి, కొండ మొదలగు భాషలతో కూడిన శాఖ తెలుగుది. ఆదిలాబాదు అడవులలోని గోండులు, అరకు ప్రాంతపు కొండదొరలు, వీరి భాషలే మన యింటి సొంత తోబుట్టువులు. గోండులు రెంటిని "రండ్" అందురు. అచ్చు వెనుకకు పోవు మన వింత యలవాటు వారికిని కలదు. మూటిని "మూండ్" అందురు. మన "మూఁడు"లోని అరసున్న వారి నోట నిండుగ పలుకుచున్నది. మన "వాఁడు" కొండభాషలో "వాన్ఱు". తమిళ కన్నడములలో స్త్రీ వచ్చినదని చెప్పుటకు వేఱు క్రియారూపము కలదు. మనము మాత్రము ఆమె వచ్చినది, ఆవు వచ్చినది అని ఒకేరీతిగ చెప్పుదుము. గోండులును అట్లే చెప్పుదురు. ఇది స్త్రీని తక్కువచేయుటకై మనవారు తెచ్చిన మార్పని తలంపరాదు. మూలభాషలోని పద్ధతియే యిదియనియు, స్త్రీకి వేఱు రూపము దక్షిణశాఖవారు తరువాత కల్పించుకొన్నదనియు కృష్ణమూర్తిగారు నిరూపించిరి.

2011 జనగణన ప్రకారము గోండీ మాటలాడువారు 29 లక్షలకు పైబడియున్నారు. వారి పిల్లలు బడికి వచ్చినప్పుడు మనము చేయునదేమి? "అది అడవిమాట, సరిగా మాటలాడు" మని దిద్దుదుము. మన యింట కూడు అన్న బిడ్డను దిద్దినట్లే దిద్దుదుము. అచట మనము బిడ్డకు మఱియొక మాటను నేర్పినవారమైతిమి. ఇచట ఆ బిడ్డను తన యింటి మాటనుగూర్చి సిగ్గుపడునట్లు చేసినవారమైతిమి. ఆ మాటయందే మన భాషయొక్క పూర్వచరిత్ర దాగియున్నదని యెఱుగక ఈ పని చేయుచున్నాము. నిఘంటుకర్తలు అడవులకు పోయి, పలకాబలపము ఎఱుగని వృద్ధులయొద్ద కూర్చుండి, ఒక్కొక్కమాటగ వ్రాసికొనిరి. వారికి గురువులైనవారి బిడ్డలకు మన బడులలో చోటు చాలకున్నది.

అన్నమనుట తప్పని మేము చెప్పబోము. ఆ మాటయు మనదే, మర్యాదగల మాటయే. బిడ్డ కూడు అన్నప్పుడు మాత్రము కోపింపవలదని గృహస్థులకును గృహిణులకును మా మనవి. "దీనిని అన్నమనియు అందురు నాయనా, కూడు అనుట మన తాతముత్తాతల నాటి మాట, తమిళదేశమున అమ్మవారికి పోయు అంబలికిని అదే పేరు" అని చెప్పిన చాలును. బిడ్డకు రెండు మాటలును దక్కును. రేపు బడిలో తన ప్రక్కన గోండు బాలుడు కూర్చుండి రండ్, మూండ్ అని లెక్కపెట్టినప్పుడు ఆ బిడ్డ నవ్వడు; తన అంకెలనే విన్నట్లు చెవియొగ్గి వినును.