పిత్తాశయ కీహోల్ శస్త్రచికిత్స: స్త్రీ పురుష భేదం

పిత్తాశయంలో రాళ్లు ఆడవాళ్లలో ఎక్కువ. వాటికి చేసే ఆపరేషన్‌లో చిక్కులు మగవాళ్లలో ఎక్కువ. కడుపుకు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ పిత్తాశయాన్ని తీసే కీహోల్ (లాప్రోస్కోపీ) పద్ధతి వ్యాపించిన కొద్దీ ఈ తేడా సర్జన్ల అనుభవంలో బలపడింది.

1882 జూలై 15న బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ తొలిసారి పిత్తాశయాన్ని తొలగించాడు. ఆ రోగి 43 ఏళ్ల పురుషుడు. ఆపైన వందేళ్లు పెద్ద కోతే దిక్కయింది. కీహోల్ పద్ధతిలో మొదట తీసినవాడు జర్మనీలోని బోబ్లింగెన్‌లో ఎరిక్ మ్యూహె, 1985 సెప్టెంబర్ 12న. 1987లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఫిలిప్ మూరే ఒక మహిళకు స్త్రీరోగ సమస్య కోసం లాప్రోస్కోపీ చేస్తూ, అదే పూట పిత్తాశయాన్నీ తీశాడు. భారత్‌లో 1990లో ముంబై జేజే ఆసుపత్రిలో తెహెమ్టన్ ఉద్వాడియా దీనికి శ్రీకారం చుట్టారు.

ఇప్పుడు పెద్దాసుపత్రికి చేరడం అంత కష్టం కాదు. ఉదాహరణకు తిరుపతి జిల్లా నాయుడుపేట నుంచి దారులు మూడు: హైవే మీద ఉత్తరాన నెల్లూరు, దక్షిణాన చెన్నై, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి. తిరుపతిలో రుయా, 1993లో సేవలు మొదలుపెట్టిన స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. దారులున్నాయి సరే, మనిషి ఎప్పుడు బయలుదేరాడన్నదే అసలు ప్రశ్న.

ఈస్ట్రోజన్ పైత్యరసంలో కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. ప్రొజెస్టిరాన్ వల్ల పిత్తాశయం సరిగా ముడుచుకోక రసం నిలవ ఉండిపోతుంది. కాన్పులతో ఆడవాళ్లలో రాళ్ల ముప్పు పెరగడానికి ఇదే కారణం. అయితే గర్భిణికి తీసే స్కానింగ్‌లోనే ఒక్కోసారి రాయి బయటపడుతుంది. మగవాళ్లకు అలాంటి అవకాశం లేదు. భోజనం చేశాక కుడి డొక్కలో పోటు వస్తే గ్యాస్ అనుకుని మాత్ర మింగి పనికి పోతారు. అలా నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి.

ఆలస్యం ఎంత పని చేసిందో ఆపరేషన్ బల్ల మీద కనిపిస్తుంది. వాపు లేని పిత్తాశయం గోడ 3 మిల్లీమీటర్లకు మించదు. కాలేయం కింద నీలిరంగులో, మెత్తగా వేలాడుతుంది. వాచి వాచి ముదిరినది తోలులా గట్టిపడి, చుట్టూ కొవ్వు పొర అతుక్కుపోయి ఉంటుంది. పిత్తాశయం మెడ దగ్గర కలో త్రికోణం అనే చోట పిత్తనాళమేదో, రక్తనాళమేదో విడదీయడమే గగనమవుతుంది. అప్పుడు కడుపు తెరవాల్సి రావచ్చు. అది ఓటమి కాదు, రోగి ప్రాణానికి రక్షణ.

బ్రిటన్‌లో 2014లో 8,820 మంది రోగులను పరిశీలించిన కోల్-ఎస్ అధ్యయనంలో, కీహోల్‌గా మొదలై పెద్ద కోతకు మారినవి 3.4 శాతం. అలా మారే ముప్పును ముందే అంచనా వేసే అంశాల్లో వయసు, గోడ మందంతో పాటు రోగి ఆడా మగా అన్నదీ ఒకటిగా తేలింది. 2009లో మన దేశంలో రాంధవా, పూజాహరి ప్రచురించిన, ఆపరేషన్ ఎంత కష్టమవుతుందో ముందే అంచనా వేసే స్కోరు మరింత ఆలోచింపజేస్తుంది. మగవాడైతే 1 మార్కు. అంతకుముందు పిత్తాశయ వాపుతో ఆసుపత్రిలో చేరి ఉంటే 4. మగవాడు కావడం కన్నా ముదిరిన వాపే బరువైనదని దీన్నిబట్టి చెప్పుకోవచ్చు. వాపు తీవ్రతను లెక్కలోకి తీసుకుంటే స్త్రీ పురుష తేడా తగ్గిపోతుందన్న అధ్యయనాలూ ఉన్నాయి, అయినా నిలుస్తుందన్నవీ ఉన్నాయి.

ఆపరేషన్ తర్వాతి పూట మాత్రం కష్టం ఆడవాళ్లదే. మత్తు దిగాక వికారం, వాంతులు వారిలో ఎక్కువ. ఈ వాంతుల ముప్పును అంచనా వేసే 1999 నాటి ఆప్‌ఫెల్ స్కోరులో స్త్రీ కావడమే ఒక ముప్పు కారణం. ముందే మందు ఇస్తే చాలావరకు తగ్గుతుంది. అందుకే ఈ సంగతి మత్తు డాక్టరుతో మాట్లాడుకోవడం మంచిది.

కుడి డొక్కలో మొదలై భుజానికి పాకే నొప్పి రెండోసారి వస్తే, ముఖ్యంగా మగవాళ్లు, గ్యాస్ మాత్ర పక్కనపెట్టి స్కానింగ్ తీయించుకోండి. జ్వరమో పచ్చకామెర్లో తోడైతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.