నీళ్ళు భూకంపాన్ని పుట్టిస్తాయా?

2024 ఏప్రిల్ 5 ఉదయం 10:23కి ఐసెలిన్‌లో ఇళ్ళు ఊగాయి. భూకంప కేంద్రం మనకి పడమర వైపు, వైట్‌హౌస్ స్టేషన్ దగ్గర. తీవ్రత 4.8. న్యూజెర్సీలో భూకంపమా అని అందరూ ఆశ్చర్యపోయారు. (కంపం అంటే వణుకు. భూమి వణుకు కాబట్టి భూకంపం.)

1967లో దక్కన్‌లో కూడా ఇలాగే ఆశ్చర్యపోయారు. అక్కడ మాత్రం మనుషులు చనిపోయారు.

దక్కన్ గట్టి నేల, పెద్ద భూకంపాలు రావు అని అప్పట్లో చాలామంది నమ్మకం. 1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కోయ్నానగర్‌లో భూమి కంపించింది. తీవ్రత 6.3. దాదాపు 200 మంది పోయారు. ఊరి పక్కనే కోయ్నా నది మీద 103 మీటర్ల ఎత్తు ఆనకట్ట ఉంది. అందులో నీళ్ళు నింపడం మొదలుపెట్టాకే చిన్న చిన్న ప్రకంపనలు మొదలయ్యాయి. కోయ్నా మనకి పరాయి నదేమీ కాదు. కరాడ్ దగ్గర కృష్ణలో కలుస్తుంది. అదే కృష్ణ విజయవాడ దాకా వస్తుంది.

మరి ఆ భూకంపం నీళ్ళ వల్లే వచ్చిందా? ఈ ప్రశ్న మీద ఎన్నో ఏళ్ళు పనిచేసినవారు హర్ష్ గుప్తా. 1942లో పుట్టారు. తెలుగువారు కారు, కానీ ఆయన పనికి ఇల్లు హైదరాబాద్. అక్కడి ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ.

జలాశయాల దగ్గర భూకంపాలు వస్తాయనే ఆలోచన ఆయనతో మొదలవలేదు. ఇక్కడ అమెరికాలోనే, హూవర్ డ్యామ్ వెనకున్న లేక్ మీడ్ దగ్గర వచ్చిన ప్రకంపనల గురించి కార్డర్ అనే శాస్త్రవేత్త 1945లో రాశారు. కానీ ఒక్క చోట జరిగితే అది యాదృచ్ఛికం కావచ్చు. గుప్తా, బి.కె. రస్తోగి, హరి నారాయణ్ కలిసి ఆఫ్రికాలోని కరీబా, గ్రీసులోని క్రెమాస్టా, మన కోయ్నా జలాశయాలని పక్కపక్కన పెట్టి చూశారు. 1972లో ఫలితాలు అచ్చయ్యాయి. మూడు చోట్లా పోలికలు కనిపించాయి. పెద్ద భూకంపానికి ముందే చిన్నవి వస్తాయి. తర్వాత వచ్చేవాటిలో అన్నిటికన్నా పెద్దది, అసలు భూకంపం కన్నా మరీ చిన్నదిగా ఉండదు. అవి తగ్గడానికి కూడా చాలా కాలం పడుతుంది. నీటిమట్టం ఎంత వేగంగా పెరిగింది, ఎంత ఎత్తుకి వెళ్ళింది, ఎన్నాళ్ళు అక్కడే నిలిచింది అనేవి కూడా ముఖ్యమే.

నాకు బాగా నచ్చింది ఒక మాట గురించిన పట్టింపు. నీళ్ళు భూకంపాన్ని "పుట్టించాయి" అనాలా, "ప్రేరేపించాయి" అనాలా? గుప్తా తర్వాతి రాతల్లో రెండో మాటకే మొగ్గు. రాతిలో ఒత్తిడి ముందే చాలాకాలంగా పేరుకుని ఉంటుంది. జలాశయం బరువు, పగుళ్ళలోకి దిగిన నీటి పీడనం దాన్ని కాస్త ముందుగా కదిలిస్తాయి. బాగా పండిన మామిడిపండు చిన్న గాలికే రాలుతుంది, కానీ పండించింది గాలి కాదు కదా. ఇల్లు కూలినవాళ్ళకి ఈ రెండు మాటల మధ్య తేడా ఏమీ ఉండకపోవచ్చు. రేపు ఎక్కడ ఆనకట్ట కట్టాలి, ఎంత వేగంగా నింపాలి అని నిర్ణయించేవాళ్ళకి మాత్రం చాలా పెద్ద తేడా.

గుప్తా 1983లో మూడో అంటార్కిటికా యాత్రకి నాయకుడిగా వెళ్ళారు. 1992 నుంచి 2001 దాకా ఎన్‌జీఆర్‌ఐ డైరెక్టర్. ఆ పదవిలో ఉండగానే, 1993 సెప్టెంబర్ 30న కిల్లారి భూకంపం వేలమందిని బలి తీసుకుంది. అదీ దక్కన్‌లోనే. 2004 సునామీ వచ్చినప్పుడు ఆయన ఢిల్లీలో సముద్రాభివృద్ధి శాఖ కార్యదర్శి. ఆ తర్వాత 2007లో దేశానికి సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చింది, అదీ సముద్రమే లేని హైదరాబాద్‌లో!

కోయ్నాలో ప్రకంపనలు ఆగిపోలేదు. అందుకే అక్కడ భూమిలోకి లోతుగా రంధ్రాలు తవ్వారు. 2017లో ఒకటి 3 కిలోమీటర్ల లోతుకి చేరింది. నల్లటి బసాల్ట్ పొరలు దాటితే కింద గ్రానైటు. భూకంపాలు పుట్టే చోటికి వీలైనంత దగ్గరగా వెళ్ళి రాతిని, నీటి పీడనాన్ని నేరుగా కొలవాలన్నదే ఆ పని ఉద్దేశం.